ఆస్తి పన్ను మదింపుపై అభ్యంతరం: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు

ఇంటికి నగరపాలక సంస్థ, పురపాలక సంఘం లేదా గ్రామ పంచాయతీ వేసిన పన్ను సరిగా లేదని యజమాని చట్టప్రకారం ప్రశ్నించి, సవరణ కోరడాన్ని ఆస్తి పన్ను మదింపుపై అభ్యంతరం అంటారు. పట్టణాల్లో అధికారిక వ్యవహారంలో దీన్ని ‘రివిజన్ పిటిషన్’ అంటారు. ఉత్తరాంధ్రలో జనం ‘పన్ను తగ్గింపు అర్జీ’ అనడమే ఎక్కువ. నిజానికి ఈ అర్జీ అసలు పని పన్ను తగ్గించడం కాదు, మదింపు పుస్తకంలోని తప్పును సరిదిద్దడం. ఇంటి విస్తీర్ణం, కట్టడం రకం, వాడుక, వయసు, ఉన్న ప్రాంతం అనే అయిదు వివరాల మీదే పన్ను నిలబడి ఉంటుంది. వాటిలో ఒక్కటి తప్పుగా నమోదైనా ఆ తప్పు ఏళ్ల తరబడి డిమాండు నోటీసుల్లో వస్తూనే ఉంటుంది. పన్ను రేటును ఏ ఒక్క యజమానీ మార్చలేడు. తన ఇంటి వివరాన్ని మాత్రం ప్రతి యజమానీ సరిచేయించుకోగలడు.

పరిధి

ఈ ప్రాంతంలో శ్రీకాకుళం, విజయనగరం నగరపాలక సంస్థలు. రెండింటికీ 2015లో ఆ హోదా వచ్చింది. విజయనగరం అంతకు ముందు 1888 నుంచి పురపాలక సంఘంగా ఉంది. శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, విజయనగరం జిల్లాలో బొబ్బిలి, రాజాం, నెల్లిమర్ల ఇతర పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పార్వతీపురం, సాలూరు, పాలకొండ పట్టణాలు కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది. పట్టణాల బయట ఉన్న ఇళ్లకు గ్రామ పంచాయతీలు పన్ను వేస్తాయి.

ఏ చట్టం వర్తిస్తుందో తెలియడం అభ్యంతరానికి మొదటి మెట్టు. నగరపాలక సంస్థల్లో 1955 నాటి నగరపాలక సంస్థల చట్టం, పురపాలక సంఘాల్లో, నగర పంచాయతీల్లో 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం, గ్రామాల్లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం అమల్లో ఉన్నాయి. శివారు పంచాయతీ పట్టణంలో కలిసిన రోజు నుంచి అక్కడి ఇంటికి చట్టం మారుతుంది, పన్ను లెక్క మారుతుంది, అర్జీ పెట్టుకోవలసిన కార్యాలయం కూడా మారుతుంది. విలీన ప్రతిపాదన వచ్చినప్పుడల్లా శివారు గ్రామాల్లో పన్ను గురించిన భయం ముందుగా వినబడడానికి ఇదే కారణం.

చరిత్ర

ఉత్తర సర్కారుల్లో పట్టణ ఇంటి పన్నుకు మూలం మద్రాసు ప్రెసిడెన్సీ చట్టాల్లో ఉంది. 1865, 1871 పట్టణాభివృద్ధి చట్టాలు, 1884 జిల్లా పురపాలక చట్టం, దాని స్థానంలో వచ్చిన 1920 చట్టం ఇంటి అద్దె విలువను ఆధారం చేసుకుని పన్ను వేసే పద్ధతిని స్థిరపరిచాయి. 1965 చట్టం వచ్చేదాకా ఆంధ్ర ప్రాంతంలో 1920 చట్టమే నడిచింది.

పురపాలక పన్ను మీద తెలుగునాట జరిగిన అతిపెద్ద ప్రతిఘటన చీరాల-పేరాల ఉద్యమం. ఆ రెండు ఊళ్లను కలిపి పురపాలక సంఘంగా మార్చడంతో పన్నుల భారం అనేక రెట్లు పెరిగింది. సంఘాన్ని రద్దు చేయాలన్న విన్నపాలు చెల్లలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో జనం ఇళ్లు విడిచి పురపాలక హద్దు దాటారు. రామనగర్ పేరుతో వేసుకున్న పాకల్లో దాదాపు 11 నెలలు గడిపారు. విన్నపం వినే దారి మూసుకుపోతే పన్ను వివాదం ఊరి ఉనికికే సమస్య అవుతుందని ఆ ఘటన చాటింది. నేటి చట్టాల్లో నోటీసు, అభ్యంతరం, విచారణ, అప్పీలు అనే నాలుగు అంచెలు ఉండడం ఎంత అవసరమో ఆ చరిత్ర చూస్తే తెలుస్తుంది.

అద్దె విలువ పద్ధతి

2021 మార్చి వరకు పట్టణ పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఇంటికి వచ్చే అద్దె ఎంతో ఇంటింటికీ వేరుగా అంచనా కట్టడం సిబ్బంది ఇష్టాయిష్టాలకు తావిచ్చేది. దాన్ని అరికట్టడానికి 1990లో మదింపు నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం పట్టణాన్ని జోన్లుగా విడగొట్టాలి. నీటి సరఫరా, వీధి దీపాలు, రోడ్లు, కాలువలు, బజార్లు, బడులు, ఆసుపత్రుల వంటి సదుపాయాలను బట్టి జోను తేలుతుంది. ఒక్కో జోనులో ఒక్కో రకం కట్టడానికి చదరపు మీటరుకు నెలసరి అద్దె విలువ నిర్ణయించి, ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు స్వీకరించాలి.

కట్టడాలను పైకప్పును బట్టి వర్గీకరించారు. ఖరీదైన స్లాబు భవనాలు, సాధారణ స్లాబు భవనాలు, మద్రాసు టెర్రస్ మిద్దెలు, మంగుళూరు పెంకు లేదా రేకుల ఇళ్లు, నాటు పెంకుటిళ్లు, పూరిళ్లు అనేవి ఆ వర్గాలు. కట్టి 25 ఏళ్లు దాటని భవనానికి అద్దె విలువలో 10 శాతం, 25 నుంచి 40 ఏళ్ల మధ్య దానికి 20 శాతం, 40 ఏళ్లు దాటినదానికి 30 శాతం మినహాయింపు ఉండేది. యజమాని స్వయంగా కాపురముండే ఇంటికి, వయసు మినహాయింపుతో కలిపి, 40 శాతం తగ్గింపు ఉండేది. డిమాండులో పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా చేరేది.

చట్టం అయిదేళ్లకోసారి సవరణ జరగాలని చెప్పినా, నివాస భవనాలకు 2002 తరువాత, నివాసేతర భవనాలకు 2007 తరువాత సాధారణ సవరణ జరగలేదు. అందువల్ల ఒకే వీధిలో పాత ఇంటి పన్నుకూ కొత్త ఇంటి పన్నుకూ పొంతన లేకుండా పోయింది.

మూలధన విలువ పద్ధతి

2020లో కేంద్రం రాష్ట్రాలకు అదనపు రుణ పరిమితి ఇస్తూ పెట్టిన షరతుల్లో పట్టణ సంస్కరణ ఒకటి. ఆస్తి పన్ను కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టాలన్నది ఆ సంస్కరణలో భాగం. దాన్ని ముందుగా పూర్తి చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. పురపాలక చట్టాలను సవరించి, 2020 నవంబరులో జీవో 198 ద్వారా కొత్త నియమాలు ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె విలువ స్థానంలో మూలధన విలువ వచ్చింది. అంటే స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన మార్కెట్ విలువ, కట్టడానికి చదరపు అడుగు చొప్పున నిర్ణయించిన విలువ కలిపి పన్నుకు ఆధారమయ్యాయి.

నివాస భవనాలకు ఆ విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు రేటు పెట్టుకునే అధికారం స్థానిక సంస్థలకు దక్కింది. యజమాని కాపురముండే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే పన్ను. పాత పన్నుతో పోలిస్తే పెంపు ఒక్కసారిగా పడకుండా ఏడాదికి 15 శాతం మించరాదని పరిమితి పెట్టారు. అప్పటి పురపాలక శాఖ మంత్రి, విజయనగరం జిల్లా చీపురుపల్లి శాసనసభ్యుడు బొత్స సత్యనారాయణ ఈ పరిమితినే పదేపదే ప్రస్తావించారు. ప్రతిపక్షాలు, పన్ను చెల్లింపుదారుల సంఘాలు మాత్రం రిజిస్ట్రేషన్ విలువ పెరిగినప్పుడల్లా పన్నూ పెరుగుతూనే ఉంటుందని అభ్యంతరం చెప్పాయి.

15 శాతం పరిమితి యజమానికి ఊరటనిచ్చేదే. కానీ అది తప్పును కొన్నాళ్లు కప్పిపెడుతుంది. పాత పన్ను 1,200 రూపాయలున్న ఒక ఇంటిని ఊహించుకుందాం. సరైన కొలతతో కొత్త పన్ను 2,250 రూపాయలు కావాలి, తప్పుడు కొలత వల్ల 3,000 రూపాయలుగా నమోదైంది. మొదటి నాలుగేళ్లు ఎలా లెక్కించినా బిల్లు ఒకటే: 1,380, 1,587, 1,825, 2,099. అయిదో ఏట సరైన కొలత ఉన్న ఇంటి పన్ను 2,250 దగ్గర ఆగుతుంది, తప్పు నమోదైన ఇంటిది 2,414 అవుతుంది. ఏడో ఏటికి అది 3,000కు చేరి, ఆపైన ఏటా 750 రూపాయలు అదనంగా వసూలవుతూనే ఉంటుంది. యజమాని గమనించే సరికి నోటీసు అందిన నాటి గడువు ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి బిల్లులోని మొత్తం చూసి సరిపెట్టుకోకూడదు. దాని వెనుక నమోదైన మూలధన విలువనూ, విస్తీర్ణాన్నీ మొదటి ఏడాదే చూసుకోవాలి.

వివాదాలు తలెత్తే చోట్లు

విస్తీర్ణం మీద తగాదాలే ఎక్కువ. పన్నుకు లెక్కించేది గదుల లోపలి నేల కాదు, గోడల మందంతో సహా ప్లింత్ ఏరియా. 25 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న ఇల్లు సరిగ్గా 375 చదరపు అడుగులు. కొలిచే టేపు పొడవు వైపు ఒక్క అడుగు ఎక్కువ చూపిస్తే 390 చదరపు అడుగులై, ఆ కుటుంబం 50 రూపాయల పన్ను నుంచి బయట పడిపోతుంది. పేదల కాలనీల్లో ఇదే అన్నిటికన్నా పదునైన సరిహద్దు. అక్కడ కొలత యజమాని సమక్షంలో జరగాలని పట్టుబట్టడం న్యాయమైన కోరిక.

పెరడు ఇంకో చిక్కు. విజయనగరం కోట చుట్టుపక్కల పాత వీధుల్లో, బొబ్బిలిలో ముందు అరుగులు, వెనుక పొడవాటి పెరళ్లు ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ప్లింత్ ఏరియాకు మూడు రెట్ల వరకు ఉన్న స్థలాన్ని ఇంటిలో భాగంగానే చూడాలన్నది పురపాలక చట్టం ఏనాటి నుంచో పాటిస్తున్న సూత్రం. దానికి మించినదే ఖాళీ స్థలం పన్ను కిందికి వస్తుంది. కొబ్బరి చెట్లు, బావి ఉన్న పెరడంతటినీ ఖాళీ స్థలంగా రాసిన చోట ఈ సూత్రాన్ని చూపి అభ్యంతరం చెప్పవచ్చు.

వాడుక మూడో చిక్కు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరా, విజయనగరం గంటస్తంభం చుట్టూ రోడ్డువైపు గదిలో దుకాణం, వెనుక కాపురం ఉన్న ఇళ్లు కొల్లలు. నివాసేతర రేటు నివాస రేటుకు ఎన్నో రెట్లు ఉండవచ్చు కాబట్టి, దుకాణం నడిచే గదికీ మిగతా ఇంటికీ వేరువేరుగా పన్ను కట్టించుకోవాలి. ఇల్లంతా వాణిజ్యమని రాస్తే అది సరిచేయదగ్గ తప్పే. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు పరిశ్రమకు అనుబంధంగా ఇంటి ఆవరణలో వేసుకున్న షెడ్లకూ ఇదే ప్రశ్న వస్తుంది. ఎంత భాగం ఉపాధికి, ఎంత భాగం కాపురానికి అన్నది కొలతలతో, ఫొటోలతో చూపాలి.

కట్టడం రకం, ఉనికి మరో కోవ. తీరప్రాంతాన్ని తుపానులు తరచూ తాకుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ విరుచుకుపడ్డాయి. తిత్లీ ధాటికి పలాస, వజ్రపుకొత్తూరు పరిసరాల్లో పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు పెద్దయెత్తున దెబ్బతిన్నాయి. కూలిన ఇల్లు తనంతట తానే పన్ను పుస్తకంలోంచి పోదు. యజమాని లిఖితపూర్వకంగా తెలియజేస్తేనే ఆ భాగానికి పన్ను ఆపడానికి వీలవుతుంది.

అనుమతి లేకుండా, లేదా మంజూరైన ప్లానుకు విరుద్ధంగా కట్టిన భాగానికి అతిక్రమణ తీవ్రతను బట్టి పన్నుమీద 25 నుంచి 100 శాతం దాకా జరిమానా పడుతుంది. పొరపాటున జరిమానా పడిన ఇంటికి మంజూరైన ప్లాను కాపీయే తిరుగులేని సాక్ష్యం. జరిమానాతో పన్ను కట్టినంత మాత్రాన అక్రమ కట్టడం సక్రమమైపోదని కూడా గుర్తుంచుకోవాలి.

అభ్యంతరం తెలిపే విధానం

కొత్తగా పన్ను వేసినా, పాత పన్నును పెంచినా యజమానికి ప్రత్యేక నోటీసు ఇవ్వాలి. అభ్యంతరానికి గడువు నోటీసు అందిన తేదీ నుంచి లెక్కకు వస్తుంది. ఉపాధి కోసం హైదరాబాదు, చెన్నై, విశాఖపట్నం వలస వెళ్లిన కుటుంబాల ఇళ్లు ఈ రెండు జిల్లాల్లో వేలాదిగా తాళాలు వేసి ఉంటాయి. అలాంటి ఇంటి తలుపుకు అంటించిన నోటీసు ఎవరి కంటా పడకపోవచ్చు. ఊరిలో ఉన్న బంధువు ఫోన్ నంబరునో, తమ నంబరునో అసెస్‌మెంట్ రికార్డులో నమోదు చేయించుకోవడం వలస కుటుంబాలకు అత్యవసరం.

అర్జీకి ముందు మదింపు వివరాల నకలు తీసుకోవాలి. అసెస్‌మెంట్ నంబరు, డోరు నంబరు చెబితే వార్డు సచివాలయంలో గానీ, పురపాలక కార్యాలయం రెవెన్యూ విభాగంలో గానీ చూపించాలి. చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. తరువాత సొంతంగా ఇల్లు కొలిచి, ఏ వివరం ఎక్కడ తప్పో ఒక్కొక్కటిగా రాసి, కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ ఇవ్వాలి. ‘పన్ను ఎక్కువైంది, దయచేసి తగ్గించండి’ అన్న అర్జీ మీద అధికారి చేయగలిగింది ఏమీ ఉండదు. ‘పుస్తకంలో 820 చదరపు అడుగులని ఉంది, ప్లాను ప్రకారం 640’ అన్న అర్జీకి మాత్రం సమాధానం చెప్పితీరాలి.

జతచేయవలసినవి దస్తావేజు నకలు, మంజూరైన ప్లాను, పాత పన్ను రశీదులు, కరెంటు బిల్లు, ఇంటి ఫొటోలు. ఇల్లు కట్టిన ఏడాది నిరూపించడానికి తొలి పన్ను రశీదు, కరెంటు కనెక్షన్ తేదీ బాగా ఉపయోగపడతాయి. అర్జీ అందినట్టు ముద్రవేసిన రశీదు తీసుకోవాలి. విచారణ రోజున స్వయంగా హాజరై, మళ్లీ కొలత కోరే హక్కు యజమానిది.

అర్జీ పెట్టినంత మాత్రాన వసూలు ఆగదు. పన్ను అర్ధ సంవత్సరాల వారీగా, ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి కాలాలకు చెల్లించాలి. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాది పన్నంతా ఏప్రిల్ 30 లోపు కట్టినవారికి 5 శాతం రాయితీ ఉంది. అభ్యంతరం నమోదు చేస్తూనే పన్ను కట్టడం క్షేమం. అర్జీ నెగ్గితే ఎక్కువ కట్టిన మొత్తాన్ని తరువాతి డిమాండులో సర్దుబాటు చేయించుకోవచ్చు.

కమిషనర్ ఉత్తర్వు నచ్చకపోతే అప్పీలు ఉంది. నగరపాలక సంస్థల్లో చట్టం నిర్దేశించిన న్యాయమూర్తి ముందు అప్పీలు వేయాలి. ముందుగా కమిషనర్‌కు ఫిర్యాదు చేసి ఉండాలి, వివాదంలో ఉన్న పన్నును జమచేసి ఉండాలి. ఈ షరతు పేద యజమానికి నిజంగా భారమే. అందుకే మొదటి అంచెలోనే, కార్యాలయంలోనే న్యాయం దొరకడం ముఖ్యం. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే ఆలస్యమైన విచారణ కదలవచ్చు. కానీ అది చట్టబద్ధమైన రివిజన్ పిటిషన్‌కు బదులు కాదు, గడువునూ ఆపదు.

న్యాయస్థానాల పాత్ర

మదింపు పద్ధతి మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి తెలుగుగడ్డ మీద పుట్టిన వివాదంలోదే. గుంటూరు పురపాలక సంఘానికీ, ఆ పట్టణ పన్ను చెల్లింపుదారుల సంఘానికీ మధ్య వ్యాజ్యంలో 1970లో వచ్చిన తీర్పు, అద్దె నియంత్రణ చట్టం ప్రకారం చెల్లే న్యాయమైన అద్దెను మించి ఇంటి అద్దె విలువ కట్టరాదని చెప్పింది. అంతకు ముందు 1967లో అహ్మదాబాదు మిల్లుల వ్యాజ్యంలో, కట్టడం స్వభావం చూడకుండా నేల వైశాల్యం మీద ఒకే రేటు వేయడం చెల్లదని తేల్చింది. పద్ధతి అద్దె విలువ నుంచి మూలధన విలువకు మారినా ఈ తీర్పుల వెనుక ఉన్న సూత్రం పాతబడలేదు. పన్ను ఆ ఇంటి నిజస్థితికి తగినట్టు ఉండాలి, యజమాని మాట వినకుండా దాన్ని పెంచకూడదు.

గ్రామాల్లో ఇంటి పన్ను

గ్రామాల్లో ఇంటి పన్ను వేసేది గ్రామ పంచాయతీ, లెక్క చూసేది పంచాయతీ కార్యదర్శి. పన్ను మొత్తం పట్టణాలకన్నా బాగా తక్కువ కావడంతో వివాదాలూ తక్కువే. ఇక్కడ సమస్య ఎక్కువగా పేరు మార్పుది. తాత పేరిట ఉన్న ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నా పన్ను పాత పేరునే రావడం, ఒకరి వాటా బకాయి ఇంకొకరి మెడకు చుట్టుకోవడం తరచూ చూస్తాం. దస్తావేజు లేని పాత ఇళ్ల వాళ్లు పన్ను రశీదునే హక్కు పత్రంగా దాచుకుంటారు. ప్రశ్నిస్తే ఆ రశీదు కూడా ఆగిపోతుందేమోనని జంకుతారు. రశీదు అనుభవానికి ఒక ఆధారమే తప్ప యాజమాన్యాన్ని రుజువు చేయదు. మదింపు మీద అర్జీ పెట్టడం వల్ల ఉన్న హక్కు పోయేదీ లేదు.

సైన్యంలో చేరే యువకులు ఎక్కువగా ఉన్న జిల్లాగా శ్రీకాకుళానికి పేరుంది. గ్రామ పంచాయతీల పరిధిలో సైనికుల ఇంటికి పన్ను మినహాయిస్తున్నట్టు 2025 మేలో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇలాంటి మినహాయింపు కూడా అడగకుండా అమలు కాదు. సర్వీసు ధ్రువపత్రంతో దరఖాస్తు చేసి పుస్తకంలో నమోదు చేయించుకోవాలి.

ఇతర దేశాల్లో

ఇంగ్లండులో 1993 ఏప్రిల్ నుంచి ఉన్న కౌన్సిల్ ట్యాక్స్ ఇళ్లను ఏ నుంచి హెచ్ వరకు 8 తరగతులుగా విడదీస్తుంది. నేటికీ ఆధారం 1991 ఏప్రిల్ 1 నాటి విలువే. తరగతి తప్పనుకున్న యజమాని పొరుగున అదే రకం ఇళ్ల తరగతులను చూపి, మదింపు సంస్థను, తరువాత ప్రత్యేక ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన అమెరికాలోని టెక్సాస్‌లో ఏటా కొత్త విలువతో నోటీసు వస్తుంది. మే 15 లేదా నోటీసు వచ్చిన 30 రోజులు, ఏది తరువాతైతే ఆ లోపు అభ్యంతరం నమోదు చేయాలి. అక్కడ దాన్ని ఏటా చేసే మామూలు పనిగానే చూస్తారు. రెండు చోట్లా పొరుగు ఇళ్ల మదింపు వివరాలు అందరికీ అందుబాటులో ఉండడం యజమానికి బలం. మన పట్టణాల్లోనూ వార్డుల వారీగా మదింపు జాబితాలు వార్డు సచివాలయం గోడమీద పెడితే సగం వివాదాలు కార్యాలయం మెట్లెక్కకుండానే తీరుతాయి.

ప్రాముఖ్యం

వీధి దీపం, కాలువ, కుళాయి నీరు ఈ పన్ను మీదే ఆధారపడి ఉన్నాయి. ఒక ఇంటికి తప్పుగా ఎక్కువ పడితే ఆ కుటుంబానికి అన్యాయం, ఇంకో ఇంటికి తప్పుగా తక్కువ పడితే ఊరంతటికీ నష్టం. అభ్యంతరం చెప్పడం పన్ను ఎగ్గొట్టడం కాదు, పన్నును నిజం మీద నిలబెట్టడం. నోటీసు చేతికి రాగానే విస్తీర్ణం, కట్టడం రకం, వాడుక, వయసు, ప్రాంతం సరిచూసుకుని, తప్పుంటే గడువులోగా రాతపూర్వకంగా చెప్పాలి. ఆ అర్జీని కొలతతో, కారణంతో కూడిన ఉత్తర్వుతో తేల్చవలసిన బాధ్యత అధికారులది.